ఆల్టర్నేటరుకు చోటు కావలెను

మా జీపుకు ఇంజను మార్చడం నాలుగు రోజుల్లో అయిపోయింది. ఆ ఇంజను పక్కన వేలాడే ఆల్టర్నేటరుకు చోటు చూడడానికి పదకొండు రోజులు పట్టింది. కొబ్బరికాయంత వస్తువు అది! పెళ్ళికూతురు దొరికింది గానీ పీటలు దొరకలేదన్నట్టు ఉంది గదా అని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. ఆ నవ్వు ఒక రాత్రికి ఆగిపోయింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

1992 నాటి మాట. మా నాన్నగారికి పాత పెట్రోలు జీపొకటి ఉండేది. జీపు పుట్టుక పాఠకులకు తెలియనిది కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్ కంపెనీ చేసిన బండి. 1940ల చివర మహీంద్రా వారు దాన్ని బొంబాయిలో బిగించడం మొదలుపెట్టారు. మొదట్లో భాగాలన్నీ పెట్టెల్లో దిగేవి, ఇక్కడ కూర్చేవారు. మాది అంత పాతది కాదు గానీ పెట్రోలు తాగడంలో మాత్రం సైనికుడే. ఆ రోజుల్లో డీజెలు ధర పెట్రోలు ధరకు చాలా దిగువన ఉండేది. అంచేత దేశమంతటా జీపుల యజమానులు పెట్రోలు ఇంజను దించేసి, పాత వాన్లనుంచి తీసిన డీజెలు ఇంజన్లు ఎక్కించుకునేవారు. మహీంద్రా వారే కొన్ని జీపులకు ప్యూజో డీజెలు ఇంజను బిగించి అమ్మారు. మా నాన్నగారూ ఆ దారినే పోయారు.

సికిందరాబాదులో ఇలాంటి పనులకు రాణీగంజ్ ఉండనే ఉంది. బేరింగులు, బెల్టులు, బోల్టులు, లేతు మిషన్లు అన్నీ ఒక్క పేటలోనే. బండి పేరు చెప్పనక్కర లేదు, విరిగిన ముక్క చేత్తో చూపిస్తే చాలు, దాని జత తెచ్చి పెడతారు. మేము మాత్రం తెలిసినవారి మాట మీద ఇంకోచోట షెడ్డులో పని చేయించాం. ఇంజను కుదిరింది, గేరుబాక్సు కలిసింది. తీరా చూస్తే వానులో ఆల్టర్నేటరు ఏ పక్కన కిందుగా వేలాడేదో, సరిగ్గా ఆ జాగాలో మా జీపు స్టీరింగు పెట్టె ఉంది! స్టీరింగును జరపలేం. ఆల్టర్నేటరును జరపాలి.

ఇంతకూ ఈ ఆల్టర్నేటరు ఏం చేస్తుందంటారా? బ్యాటరీ నీళ్ళ బిందె అనుకోండి. దీపాలూ, హారనూ, వైపరూ అందులోనుంచి ముంచుకునే చెంబులు. బిందె నింపే కుళాయి ఆల్టర్నేటరు. బెల్టుతో ఇంజను దాన్ని తిప్పుతుంది. లోపల అయస్కాంతం తిరుగుతుంది, చుట్టూ ఉన్న రాగి చుట్టల్లో కరెంటు పుడుతుంది. అది అటూ ఇటూ మారే కరెంటు గనుక, డయోడులనే సిలికాను ముక్కలు దాన్ని ఒకే దిక్కుకు మళ్ళిస్తాయి. రెగ్యులేటరు దాన్ని 14 వోల్టుల దగ్గర అదుపులో ఉంచుతుంది. పూర్వం ఈ పని డైనమో చేసేది. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు నిద్రపోయేది. పాత బండ్లు ట్రాఫిక్కులో నిలిస్తే దీపాలు పసుపురంగుకు తిరగడం అందుకే. 1960లో అమెరికాలో క్రైస్లర్ వారి వేలియంటు కారుకు ఆల్టర్నేటరు వచ్చింది. తర్వాత అందరూ అదే పట్టారు.

మా షెడ్డు మనిషి ఒక ఉపాయం చేశాడు. జీపు చాసిస్ పట్టె మీద ఇనుప ముక్క వెల్డింగు చేసి, ఆల్టర్నేటరును దానికి బిగించాడు. బెల్టు వేశాడు, ఇంజను స్టార్టు చేశాడు, దీపం వెలిగించి చూపించాడు. చూడ్డానికి బహు ముచ్చటగా ఉంది. డబ్బు ఇచ్చి ఇంటికి తెచ్చుకున్నాం.

ఆ ఆదివారం అక్కయ్యను పురిటికి తీసుకురావడానికి మెదక్ వెళ్ళాం. బావగారి ఊళ్ళో భోజనాలూ, సారె సర్దడమూ అయ్యేసరికి చీకటి పడింది. అమ్మా, ఏడోనెల అక్కయ్యా వెనక సీట్లో. తూప్రాను దాటామో లేదో, బానెట్టు కింద కీచుమని శబ్దం. దీపాలు మెల్లగా ఎర్రబడ్డాయి. మరో నిమిషానికి ఫట్ మని బెల్టు ఊడిపోయింది.

డీజెలు ఇంజనులో ఒక చిత్రం ఉంది. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి, రవ్వకు కరెంటు కావాలి. పాతకాలపు డీజెలు ఇంజనుకు ఒకసారి స్టార్టయ్యాక కరెంటుతో పని లేదు. గాలిని నొక్కిన వేడికే నూనె అంటుకుంటుంది. కాబట్టి ఇంజను నడుస్తూనే ఉంది, దీపాలు చచ్చిపోతున్నాయి. పైపెచ్చు నీళ్ళ పంపు తిప్పేది కూడా ఆ బెల్టే. అది లేకపోతే ఇంజను నిమిషాల్లో కాగిపోతుంది. ఆపక తప్పలేదు. రోడ్డంతా లారీలు. మా బండి వెనక ఎర్రదీపం కూడా సరిగా వెలగడం లేదు. అమ్మ ఒక్క మాట మాట్లాడలేదు. అక్కయ్యను దింపి, రోడ్డుకు దూరంగా ఒక రాతి మీద కూర్చోబెట్టి, తన శాలువ కప్పింది. నాన్నగారు టార్చిలైటు పట్టుకుంటే నేను స్పానరుతో బెల్టు మళ్ళీ ఎక్కించాను. మేడ్చల్ చేరేలోగా అది ఇంకో రెండుసార్లు ఊడింది. చివరికి ఒక లారీ డ్రైవరు జాలిపడి, "నా వెనకే నెమ్మదిగా రండి" అని ముందు నడిచాడు. అతని వెనక దీపం చూసుకుంటూ ఇల్లు చేరేసరికి తెల్లవారుజామున రెండైంది.

మర్నాడు నాన్నగారు బండిని రాణీగంజ్‌లో ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళారు. కుర్రాళ్ళంతా ఆయన్ను ఉస్తాద్ అనేవారు. ఆయన బానెట్టెత్తి చూసి, స్పానరైనా ముట్టకుండా, ఇంజను స్టార్టు చేసి యాక్సిలరేటరు గుంజమన్నాడు. గుంజాను. ఇంజను ఒక పక్కకు ఒరిగి మళ్ళీ లేచింది.

"చూసినవా బాబూ? ఇంజను రబ్బరు మీద కూసుంది, ఉయ్యాల లెక్క ఊగుతది. చాసిస్ ఊగదు. ఊగేదానికి, ఊగనిదానికి బెల్టు కడితే ఎట్ల నిలుస్తది?" అన్నాడు.

అంతే సంగతి! ఆల్టర్నేటరును ఎటు జరిపినా సరే, అది ఇంజనుతోపాటే ఊగాలి. ఇంజను శరీరానికే బిగించాలి. చూసేదాకా మాకు తోచలేదు, తోచాక ఇంత సులువైంది అప్పుడెందుకు తోచలేదా అని సిగ్గేసింది.

ఈ చిక్కు మా ఒక్కరిదే కాదు లెండి. ఇంగ్లండులో యుద్ధానంతరం కొనుగోలు పన్ను తప్పించుకోవడానికి చాలామంది కారును భాగాలుగా కొని ఇంట్లో బిగించుకునేవారు. 1957లో వచ్చిన లోటస్ సెవెన్ అలా పేరు పొందిందే. కిట్ కార్లని వాటి పేరు. ఒళ్ళు ఒకరిది, గుండె ఇంకొకరిది. అక్కడా ఇంజను మార్చినప్పుడల్లా ఆల్టర్నేటరు ఏదో ఒక గొట్టానికో, స్టీరింగు కడ్డీకో తగిలి కూర్చుంటుంది. మన హైదరాబాదులోనే బహదూర్‌పురాలో సుధా కార్ల మ్యూజియం ఉంది. బూటు ఆకారంలోనూ, క్రికెట్ బ్యాటు ఆకారంలోనూ నడిచే కార్లున్నాయి అక్కడ. పిల్లలు ఆకారం చూసి చప్పట్లు కొడతారు. నాకు మాత్రం ఆ బూటులో బెల్టు ఎక్కడ తిరుగుతోందో చూడాలనిపిస్తుంది.

ఉస్తాద్ పని చేసిన తీరు చెప్పాలి. ఇంజనుకు రెండో పక్కన పైన, ఎవరూ వాడని మరలున్న రంధ్రాలు రెండు కనిపెట్టాడు. ఇనుము కోయలేదు. ముందు మా ఇంట్లోంచి తెచ్చిన పెళ్ళి శుభలేఖ అట్టను కత్తిరించి, రంధ్రాల గుర్తులు వేలితో నొక్కి, బ్రాకెట్టు నమూనా చేశాడు. అది నచ్చక మరొకటి. మూడోది కుదిరాక 10 మిల్లీమీటర్ల మందం పలక కోయించాడు. పల్చని రేకైతే ఇంజను అదురుకు నెలలో చీలిపోతుందట.

తర్వాత దారం. ఇంజను పుల్లీ ముఖం మీదుగా ఆల్టర్నేటరు పుల్లీ దాకా దారం బిగించి లాగాడు. మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది. ఆ కాస్తకే బెల్టు ఒక అంచున అరిగి నల్లటి పొడి రాలుస్తుంది. లేతు మీద చిన్న గొట్టంముక్క తిరగేయించి మధ్యలో పెట్టేసరికి మూడు పుల్లీలూ ఒకే గీత మీదికి వచ్చాయి. చోటు మారింది కాబట్టి బెల్టు కూడా కొత్త పొడుగుది వెతకాలి. ఆల్టర్నేటరు పుల్లీ చుట్టూ బెల్టు బాగా చుట్టుకోవాలి, ఊరికే అంటుకుని పోతే జారుతుంది. బిగువు మాట నేనడిగాను. బొటనవేలితో నొక్కితే అరంగుళం లోపలికి పోవాలన్నాడు. ముందురాత్రి నేను భయంకొద్దీ వీణతీగలా బిగించాను. దాంతో బేరింగు అప్పటికే మూలగడం మొదలెట్టిందట. కొత్తది వేయించక తప్పలేదు.

ముఖం మాత్రం ముందుకే ఉంచాడు. వెనక్కి తిప్పి బిగిస్తే కూడా కరెంటు పుడుతుంది. కానీ దాని ఫ్యాను రెక్కలు ఒక దిక్కుకే వంచి ఉంటాయి, ఎదురు తిరిగితే గాలి సరిగా ఆడదు, డయోడులు వేడికి పోతాయి. ఆ పక్కనే పొగగొట్టం ఉండడంతో దానికీ దీనికీ మధ్య ఒక డాల్డా డబ్బా రేకు తెరలా కట్టాడు. వనస్పతి కంపెనీవారు ఈ ఉపయోగం కలలోకూడా అనుకుని ఉండరు!

వైరు సంగతి మా నాన్నగారే పట్టుకున్నారు. ఆయనకు లెక్కలంటే ఇష్టం. సన్నవైరు రెండున్నర చదరపు మిల్లీమీటర్లది, రెండు మీటర్లు, 35 ఆంపియర్లు పోతే దారిలోనే సుమారు అర వోల్టు హరించుకుపోతుందని కాగితం మీద చూపించారు. బ్యాటరీకి ఆ అర వోల్టే ప్రాణం. ఉస్తాద్ కాగితం వంక చూడకుండానే లావు వైరు తీసి చేతిలో పెట్టాడు. ఇంజనుకూ చాసిస్‌కూ మధ్య రాగి అల్లిక పట్టీ కూడా వేశాడు. రబ్బరు మీద కూర్చున్న ఇంజనుకు అది లేకపోతే కరెంటు తిరుగుదారి వెతుక్కుంటూ యాక్సిలరేటరు తీగలోంచి పోయి దాన్నే కాల్చేస్తుంది.

చివరిగా బానెట్టు మూసి, ఎత్తి, మళ్ళీ మూసి, మధ్యలో వేలు పట్టేంత సందు ఉందో లేదో చూశాడు. దీపాలూ వైపరూ వేసి, ఇంజను నెమ్మదిగా తిరుగుతుండగా బ్యాటరీ మీద మీటరు పెట్టాడు. 14కి కొంచెం తక్కువ. "ఇగ పోండ్రి" అన్నాడు.

నెలలు నిండాక ఒక అర్ధరాత్రి అక్కయ్యను ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆ జీపులోనే. దీపాలు తెల్లగా వెలిగాయి. మేనకోడలికి ఇప్పుడు ముప్ఫై దాటింది.

ఈ రోజుల్లో ఎవరైనా ఇంజను మార్చబోతే ముందు చూడవలసింది రాణీగంజ్ కాదు, రవాణా కార్యాలయం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను అధికారి అనుమతి తప్పనిసరి. 2000లో సవరించాక ఆ సెక్షను ఇంకా బిగిసింది. జీపును 2003లో అమ్మేశాం. కొన్నాయన బానెట్టెత్తి, బ్రాకెట్టు మీద చెయ్యి వేసి ఊపి చూసి, "ఇది కంపెనీదేనా?" అని అడిగాడు. నాన్నగారు అవునూ అనలేదు, కాదూ అనలేదు. మూడో అట్టముక్క మాత్రం ఇంట్లోనే ఉంది. ఒక పక్క ఇద్దరు వధూవరుల పేర్లు, రెండో పక్క గ్రీజు వేలిముద్రలు.