అన్నము మానినవారి లెక్క

మా హుజూరాబాదులో భోజనమనగా అన్నమే. 2017వ సంవత్సర ప్రాంతమున వీరమాచనేని రామకృష్ణగారి ఆహారపద్ధతి తెలుగునాట ప్రచారము కాగా, నేనును అన్నము, జొన్నరొట్టె మానితిని. ఆ పద్ధతిలో దినమునకు 70 మొదలు 100 గ్రాముల క్రొవ్వు తినవలెనని నియమము కలదు. నేను నూనెకు వెరచి, దానిని విడిచి, ఆకుకూరలతోనే కడుపు నింపుకొంటిని. పది దినములలో సత్తువ తగ్గి తల తిరుగసాగెను. తప్పు నాదే.

300 గ్రాముల బియ్యము రమారమి 1,050 కాలరీల శక్తి నిచ్చును. ఆకుకూరలు ఆ లోటు తీర్చజాలవు. పిండిపదార్థము గ్రామునకు 4 కాలరీల నిచ్చిన, క్రొవ్వు 9 ఇచ్చును. కావున 50 గ్రాముల నేయి 450, ఆరు గ్రుడ్లు 420, 30 గ్రాముల నువ్వులు 170. అన్నియు కలిసి 1,040. ఇట్లు లెక్క సరిచేసికొన్న పిదప నాకు మరల బలము చేకూరెను.

ఒక్క హెచ్చరిక. మధుమేహమునకు మాత్రలు గాని ఇన్సులిన్ గాని తీసికొనువారు వైద్యుని అడుగక అన్నము మానరాదు. మందు అదే మోతాదులో ఉండి అన్నము తగ్గినచో రక్తమున చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. మూత్రపిండముల వ్యాధి గలవారును అట్లే అడుగవలెను. విస్తరిలో అన్నము తీసిన చోటు ఖాళీగా నుంచుట పథ్యము కాదు, పస్తు.