పాత సైకిల్‌కు తుప్పు వైద్యం

ఖరగ్‌పూర్ స్టేషన్లో దిగినప్పుడు ప్లాట్‌ఫారం మీద నిలబడి పట్టాలను ఒకసారి పరిశీలనగా చూడండి. చక్రాలు దొర్లే పైభాగం అద్దంలా మెరుస్తుంటుంది. అదే పట్టా పక్కభాగాలు మాత్రం ముదురు గోధుమరంగులో ఉంటాయి. రైళ్లు నడవని పక్క లైనులో పైభాగం కూడా తుప్పే! ఒకే లోహం, ఒకే గాలి, ఒకే వాన. మరి ఈ తేడా ఎందుకు? రైళ్లు తిరిగే లైనులో తుప్పు పుట్టగానే చక్రాలు దాన్ని రుద్దేస్తాయి. కదలకుండా పడి ఉన్న ఇనుముకు ఆ అదృష్టం లేదు.

ఖరగ్‌పూర్ రైల్వే పెంచిన ఊరు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో పనికోసం వచ్చిన తెలుగువారి కుటుంబాలు ఇక్కడ తరతరాలుగా ఉన్నాయి. క్వార్టర్ నుంచి వర్క్‌షాపుకు వెళ్లాలన్నా, 1951లో మొదలైన ఐఐటీలో హాస్టల్ నుంచి తరగతికి వెళ్లాలన్నా సైకిలే తోడు. మీ ఇంటి వరండాలోనూ తాతగారి సైకిల్ ఒకటి గోడకు ఆనించి ఉందనుకుందాం. అది ఆసన్‌సోల్‌లోని సేన్-ర్యాలీ కర్మాగారంలో తయారైంది కావచ్చు. ఆ కర్మాగారం ఇప్పుడు లేదు. 1951లో మొదలైన అట్లాస్ సంస్థ కూడా 2020లో సాహిబాబాద్‌లోని తన చివరి కర్మాగారాన్ని మూసేసింది. కాబట్టి అలాంటి ఫ్రేము పోతే మళ్లీ రాదు. దాన్ని పాత ఇనుప సామాన్ల వాడికి అమ్మేయాలా, బాగుచేసుకుని ఎక్కాలా? ఇది అందానికి సంబంధించిన ప్రశ్న మాత్రమే కాదు. లోపల పుచ్చిపోయిన గొట్టం నడిరోడ్డు మీద విరిగితే ప్రాణాపాయం. జవాబు చెప్పాలంటే తుప్పు స్వభావం తెలియాలి.

ఒక చుక్క చెప్పే రహస్యం

1920లలో కేంబ్రిడ్జిలో యూలిక్ ఈవాన్స్ అనే శాస్త్రవేత్త ఒక చక్కని ప్రయోగం చేశాడు. మీరూ మీ కళాశాల ప్రయోగశాలలో అధ్యాపకుల సమక్షంలో చేయవచ్చు. ఉప్పునీటిలో కొద్దిగా పొటాషియం ఫెర్రిసైనైడ్, కొన్ని చుక్కల ఫినాఫ్తలీన్ కలపండి. బాగా రుద్ది శుభ్రం చేసిన ఇనుప రేకు మీద ఆ ద్రావణం ఒక్క చుక్క వేయండి. కాసేపటికి చుక్క మధ్యలో నీలిరంగు, అంచు చుట్టూ గులాబీరంగు కనిపిస్తాయి.

నీలిరంగు ఉన్నచోట ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి, అయాన్లుగా మారి నీటిలో కరుగుతోంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండా అంచుకు చేరతాయి. అక్కడ గాలిలోని ఆక్సిజన్, నీరు వాటిని తీసుకుని హైడ్రాక్సైడ్ అయాన్లను ఏర్పరుస్తాయి. గులాబీరంగుకు కారణం ఇవే. రెండు రకాల అయాన్లు మధ్యదారిలో కలుసుకుని, మరికొంత ఆక్సిజన్‌తో చర్య జరిపి, గోధుమరంగు తుప్పుగా వలయంలా పేరుకుంటాయి. అంటే ఒక నీటిచుక్క కింద బుల్లి విద్యుద్ఘటం పనిచేస్తోందన్నమాట!

గమ్మత్తు ఎక్కడుందో చూశారా? ఆక్సిజన్ బాగా అందేది అంచుకు. కాని ఇనుము నష్టపోయేది ఆక్సిజన్ తక్కువగా అందే మధ్యభాగంలో. తుప్పు కనిపించేది ఒకచోట, లోహం తరిగేది మరొకచోట! అందుకే సైకిల్‌కు అసలు ప్రమాదం పైకి కనిపించే ఎర్రటి పొరలో కాదు; పొంగిన పెయింటు కింద, మడ్‌గార్డు బిగింపుల్లో ఇరుక్కున్న బురద కింద, గొట్టాల లోపల ఉంటుంది.

గాలిలో తేమ 60 శాతం దాటితే తుప్పు వేగం పుంజుకుంటుంది. వానాకాలంలో ఖరగ్‌పూర్‌లో తేమ 80 శాతం పైమాటే. ఉప్పు తోడైతే చర్య ఇంకా జోరందుకుంటుంది. చెమట కారే హాండిల్ బిగింపు దగ్గర తుప్పు త్వరగా రావడం ఇందుకే.

ముందు పరీక్ష, తర్వాతే చికిత్స

సాధారణ సైకిల్ గొట్టం గోడ మందం ఒక మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. 1980లు, 90లలో వచ్చిన మంచి ఉక్కు మౌంటెన్ బైకుల గొట్టాలు మధ్యభాగంలో 0.6 మిల్లీమీటర్ల వరకు పలుచగా ఉంటాయి. వాటి మీద ‘క్రోమోలీ’ అని రాసి ఉంటే, క్రోమియం ఉంది కాబట్టి తుప్పు పట్టదని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. అందులో క్రోమియం సుమారు 1 శాతమే. స్టెయిన్‌లెస్ స్టీలు అనిపించుకోవాలంటే కనీసం 10.5 శాతం ఉండాలి. క్రోమోలీ బలానికే గాని తుప్పు నివారణకు కాదు.

సైకిల్ విడిభాగాలన్నీ విప్పి, ఫ్రేమును కడిగి ఆరబెట్టండి. సీటు గొట్టం ద్వారా టార్చి వేసి లోపల చూడండి. ఫ్రేము పొడవునా చిన్న సుత్తితో సుతారంగా తట్టండి. గట్టి గొట్టం గంటలా మోగితే, పుచ్చిన గొట్టం బొంగురుగా పలుకుతుంది. అనుమానం ఉన్నచోట మొనదేరిన దబ్బనంతో గట్టిగా నొక్కండి. గొట్టం లోపలికి సొట్టపోయినా, రంధ్రం పడినా, హాండిల్ దగ్గరి అతుకుల్లో సన్నని పగులు కనిపించినా ఆ ఫ్రేమును ఎక్కవద్దు. దానికి రంగు వేయడం రోగాన్ని దుప్పటి కప్పి దాచడమే.

తుప్పు వదిలించడం

ఫ్రేము గట్టిదని తేలితే వైర్ బ్రష్, ఎమరీ కాగితం తీసుకోండి. పాత పెయింట్లలో సీసం ఉండవచ్చు. కాబట్టి పొడిగా గీకవద్దు. తడిపి రుద్దండి, ముక్కుకు ముసుగు కట్టుకోండి. చిన్న భాగాలను వెనిగర్‌లో గాని, సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిలో గాని నానబెడితే తుప్పు కరుగుతుంది. అమ్మ చింతపండుతో ఇత్తడి చెంబు తోమడంలో ఉన్న సూత్రమూ ఇదే. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం జోలికి మాత్రం పోకండి. అది తుప్పుతోపాటు మంచి ఇనుమునూ తింటుంది. పైగా అప్పుడు వెలువడే హైడ్రోజన్ గట్టి ఉక్కు బోల్టుల్లోకి చొరబడి వాటిని పెళుసుగా మార్చగలదు.

ఆమ్లంలో నుంచి తీసిన వెంటనే బాగా కడిగి, పొడిగా తుడిచి, ఎండలో పెట్టండి. తడిగా వదిలేస్తే గంటల్లోనే కొత్త తుప్పు మొదలవుతుంది.

తుప్పుకు తుప్పే మందు?

ఇప్పుడు అదే రోజు ప్రైమరు వేయాలి. మన దుకాణాల్లో దొరికే రెడ్ ఆక్సైడ్‌కు ఆ ఎర్రరంగు ఇచ్చేది ఐరన్ ఆక్సైడే! అసలు తుప్పు వదులుగా, పెళుసుగా ఉండి నీటిని లోపలికి పోనిస్తుంది. తాను పుట్టిన ఇనుముకంటే రెండింతలకు పైగా చోటు కావాలి కాబట్టి పెయింటును పైకి లేపేస్తుంది. ప్రైమరులోని ఆక్సైడ్ మాత్రం జిగురు పొరలో బంధించి ఉంటుంది కనుక రక్షణగా నిలుస్తుంది. ఢిల్లీలో కుతుబ్ మీనార్ దగ్గరున్న ఇనుప స్తంభం సుమారు 1600 ఏళ్లుగా నిలిచి ఉండడంలోనూ ఇలాంటి కిటుకే ఉంది. దాని ఇనుములో భాస్వరం ఎక్కువ. అందువల్ల ఏర్పడిన గట్టి పలుచని పొర స్తంభాన్ని కాపాడుతోందని ఐఐటీ కాన్పూర్ శాస్త్రవేత్త ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించారు.

జింకు ఎక్కువగా ఉన్న ప్రైమరు దొరికితే ఇంకా మంచిది. ఇనుముకంటే జింకు తేలికగా ఎలక్ట్రాన్లను వదులుతుంది. గీత పడినా తాను కరిగిపోతూ ఇనుమును కాపాడుతుంది.

గొట్టాల లోపలి సంగతి మరవకండి. అవిసె నూనె పోసి, ఫ్రేమును అటూ ఇటూ తిప్పి, మిగిలింది ఒంపేయండి. అది గాలిలో ఆక్సిజన్‌తో చర్య పొంది పొరలా గట్టిపడుతుంది. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి పడేయవద్దు. వాటంతట అవే వేడెక్కి అంటుకోగలవు. తడిపి, పరిచి ఆరబెట్టండి. పెడళ్ల ఇరుసు ఉండే గొట్టం అన్నింటికంటే కింద ఉంటుంది కనుక నీరంతా అక్కడికే చేరుతుంది. దాని అడుగున నీరు పోయే రంధ్రం ఉంటే మూసుకుపోకుండా చూడండి.

చివరగా ఒక్క మాట. బాగుచేసిన సైకిల్‌ను మళ్లీ వరండాలో మూల పెట్టకండి. తొక్కండి, వానలో తడిస్తే తుడవండి. రోజూ చేతిలో ఉన్న సైకిల్ మీద కొత్త గీత, కొత్త మరక ఇట్టే కంటపడతాయి. పట్టాను చక్రం కాపాడినట్టే, సైకిల్‌ను మీ వాడకమే కాపాడుతుంది.