డబ్బా మీద అంగుళాలు, చేతిలో వెడల్పు

ఐబీఎం రూపొందించిన 'సైమన్' 1994లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. తాకితే పనిచేసే తెర, అడ్రసు పుస్తకం, క్యాలెండరు, ఫోను అన్నీ ఒకదాంట్లోనే. స్మార్ట్‌ఫోన్ వంశానికి మూలపురుషుడు అదే. బరువు అర కిలో, నలుపు తెలుపు తెర నాలుగున్నర అంగుళాలు. పదమూడేళ్ల తర్వాత పుట్టిన మొదటి ఐఫోన్ తెర అంతకన్నా చిన్నది, మూడున్నర అంగుళాలే. ఫోన్ వెడల్పు 61 మిల్లీమీటర్లు కావడంతో ఒంటి చేత్తో పట్టుకున్నా బొటనవేలు నాలుగు మూలలకూ అందేది.

చేతికి పట్టని ఫోన్ ఎవరూ కొనరని 2010లో స్టీవ్ జాబ్స్ అన్నారు. మరుసటి ఏడాది శాంసంగ్ బెర్లిన్‌లో 5.3 అంగుళాల గెలాక్సీ నోట్‌ను చూపించింది. వెడల్పు దాదాపు 83 మిల్లీమీటర్లు. చెవికి ఆనిస్తే పలక పట్టుకున్నట్టుందని నవ్వినవాళ్లు నవ్వగా, ఏడాది తిరక్కముందే కోటి ఫోన్లు అమ్ముడుపోయాయి. ఫోన్‌లో మాట్లాడటం తగ్గి చూడటం, చదవటం పెరిగిన కాలం అది. పైగా పెద్ద ఒంట్లో పెద్ద బ్యాటరీ పడుతుంది. 2014 కల్లా ఆపిల్ కూడా 5.5 అంగుళాలకు వచ్చింది.

అసలు మలుపు 2017లో వచ్చింది. అప్పటికి చాలా ఫోన్లలో తెర పొడవు వెడల్పుల నిష్పత్తి 16:9. ఆ ఏడాది ఎల్‌జీ జీ6, గెలాక్సీ ఎస్8 తెరను పొడవుగా సాగదీశాయి. ఇప్పుడు 20:9 మామూలైపోయింది. డబ్బా మీద రాసే అంగుళాలు ఒక మూల నుంచి ఎదుటి మూలకు కొలిచిన కర్ణం. పొడవు పెంచితే కర్ణం పెరుగుతుంది, వెడల్పు పెరగనక్కర్లేదు. లెక్క వేసి చూడండి: 16:9లో 5.5 అంగుళాల తెర వెడల్పు 68.5 మిల్లీమీటర్లు, 20:9లో 6.5 అంగుళాల తెర వెడల్పు 67.8. పేరుకు ఒక అంగుళం పెద్దది, అడ్డంగా కాస్త చిన్నది! అందుకే ఫోన్ కొనేటప్పుడు అంగుళాల కన్నా ముందు వెడల్పు, ఆ తర్వాత బరువు చూడాలని నేను గట్టిగా చెబుతాను.

వెడల్పు కుదిరినా పొడవుతో ఇంకో చిక్కుంది. ఫోన్‌ను చిటికెన వేలి మీద నిలబెట్టి, బొటనవేలితో పై మూలను అందుకోబోతే పట్టు సడలుతుంది, బరువంతా ఆ చిన్న వేలి మీదే పడుతుంది. స్టీవెన్ హూబర్ అనే డిజైనర్ వీధుల్లో, బస్టాపుల్లో 1,333 మందిని గమనించి 2013లో ప్రచురించిన లెక్క ప్రకారం, తెరను తాకుతూ ఫోన్ వాడుతున్నవాళ్లలో 49 శాతం మంది ఒంటి చేత్తోనే వాడేవాళ్లు. తెరలు పొడవయ్యాక మీటలే కిందికి దిగాల్సి వచ్చింది. 2018లో శాంసంగ్ తన వన్ యూఐ సాఫ్ట్‌వేర్‌లో నొక్కాల్సినవాటిని తెర కింది సగానికి చేర్చింది. 2021లో ఐఫోన్ సఫారీ బ్రౌజర్ అడ్రసు పట్టీ కూడా అడుగుకు చేరింది. చిన్న ఫోన్‌కు మాత్రం కాలం కలిసిరాలేదు. 2020లో వచ్చిన 5.4 అంగుళాల ఐఫోన్ మినీకి 2021 తర్వాత వారసులు లేరు. చిన్న చేతులవాళ్లకు అది నిజమైన నష్టం.

తెలుగు చదివేవాళ్లకు ఇంకో లెక్క ఉంది. 'రాష్ట్రం' లాంటి మాటలో ఒకే అక్షరానికి రెండు వత్తులు వస్తాయి. అక్షరం చిన్నదైతే ఆ వత్తులు అలికేసినట్టు కనిపిస్తాయి. చత్వారం వచ్చినవాళ్లు అక్షరాల సైజు పెంచాల్సిందే, పెంచితే ఇరుకు తెర మీద వరుసకు రెండు మూడు మాటలే పడతాయి. ఎడమ చేత్తో పట్టుకుని కుడి చూపుడువేలితో నొక్కే అలవాటున్న పెద్దవాళ్లకు బొటనవేలి బాధ ఉండదు కాబట్టి, వాళ్లకు 6.7 అంగుళాల వెడల్పాటి తెరే నయం.

దుకాణంలో నమూనా ఫోన్ ఇచ్చినప్పుడు అక్షరాల సైజు మీకు నప్పేంత పెంచి ఏదైనా తెలుగు వార్త తెరవండి. ఒంటి చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి సాయం లేకుండా చివరిదాకా చదవండి. ఇంటికెళ్లి కవరు తొడిగాక వెడల్పు ఇంకొన్ని మిల్లీమీటర్లు పెరుగుతుంది, కాబట్టి వీలైతే కవరు వేయించే చూడండి.