ఎంబీఏకి కోర్టులో కొలువు.. నియమించేది ఎవరు?

ఎంబీఏ పట్టా చేతికి రాగానే మన చూపు బ్యాంకులు, కార్పొరేట్ కంపెనీల వైపే వెళ్తుంది. కోర్టులోనూ మేనేజర్ పోస్టు ఉంటుందని చాలామందికి తెలీదు. జడ్జి చదివింది చట్టం. భవనాలు, కంప్యూటర్లు, సిబ్బంది, కేసుల లెక్కలు, కక్షిదారుల సౌకర్యాలు.. ఇవన్నీ ఆయనే చూసుకుంటే తీర్పులు రాసేదెప్పుడు? ఆ భారం తగ్గించేవారే కోర్టు మేనేజర్లు.

గ్రాంటు అయిపోయింది.. గుబులు మిగిలింది

2010-15 కాలానికి 13వ ఆర్థిక సంఘం న్యాయవ్యవస్థకు సిఫార్సు చేసిన రూ.5,000 కోట్లలో రూ.300 కోట్లు ఈ పోస్టుల కోసమే. చాలాచోట్ల కాంట్రాక్టు మీద తీసుకున్నారు. గ్రాంటు గడువు ముగిశాక కొన్ని రాష్ట్రాలు నిధుల్లేవంటూ పక్కన పెట్టేశాయి. మేనేజర్లను క్రమబద్ధీకరించాలని, ప్రతి జిల్లాలో ఈ పోస్టు ఉండాలని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా కథ పెద్దగా మారలేదు.

ఎవరి చేతిలో ఉండాలి?

జీతమిచ్చేది ప్రభుత్వమే కదా, నియామకమూ వాళ్లే చేస్తే పోలా? ఇక్కడే చిక్కు. దేశంలో అతిపెద్ద కక్షిదారు ప్రభుత్వమే. కేసులో ఒక పక్షంగా నిలబడేవారే కోర్టును నడిపే మనిషిని ఎంచుకుంటే నమ్మకం నిలుస్తుందా? అందుకే రాజ్యాంగం 229వ అధికరణ హైకోర్టు సిబ్బంది నియామకాన్ని ప్రధాన న్యాయమూర్తికి అప్పగించింది. 235వ అధికరణ జిల్లా కోర్టులపై అజమాయిషీ హైకోర్టుకిచ్చింది. కానీ హైకోర్టు సిబ్బంది జీతభత్యాల నిబంధనలకు గవర్నర్ ఆమోదం కావాలి. అంటే ఎంపిక ఒకరిది, పర్సు మరొకరిది!

హైకోర్టుకే వదిలేస్తే సరిపోతుందా? అదీ చాలదు. తెలిసినవారికే దక్కిందన్న మాట రాకూడదంటే బహిరంగ నోటిఫికేషన్, రాతపరీక్ష, స్పష్టమైన మార్కులు ఉండాలి. ఏటా కాంట్రాక్టు పొడిగింపు కోసం ఎదురుచూసే మేనేజర్ లోపాన్ని లోపమని ధైర్యంగా చెప్పలేడు. నియమించేది హైకోర్టే కావాలి, కానీ ఉద్యోగం శాశ్వతంగా ఉండాలి.

2025 మేలో సుప్రీంకోర్టు ఈ దిశగానే ఆదేశించింది. అస్సాం 2018 నిబంధనలను నమూనాగా తీసుకుని హైకోర్టులు 3 నెలల్లో నిబంధనలు రూపొందించాలి, ప్రభుత్వాలు మరో 3 నెలల్లో ఆమోదించాలి. హోదా కనీసం క్లాస్-2 గెజిటెడ్.

దరఖాస్తుకు ముందు..

హైకోర్టు వెబ్‌సైట్లపై ఓ కన్నేయండి. నోటిఫికేషన్ వస్తే జీతం అంకె ఒక్కటే చూసి సంబరపడొద్దు. నియామకాధికారి ఎవరు, పోస్టు రెగ్యులరా కాంట్రాక్టా, పదోన్నతి ఉందా.. ఈ మూడూ చూస్కోండి. మీ భవిష్యత్తుతో పాటు కోర్టు స్వతంత్రత కూడా ఆ మూడు వాక్యాల్లోనే ఉంటుంది.