రాతిమీది పాదములు ఎవరివి?

అమెరికాలోని టెక్సస్ రాష్ట్రమున గ్లెన్ రోజ్ అను చిన్న పట్టణము కలదు. దాని ప్రక్కను పాఱు పలక్సీ నది పెద్దది కాదు. ఎండలు ముదిరినప్పుడు అనేకచోట్ల అడుగుననున్న సున్నపురాతి పలక బయటపడును. ఆ పలకమీద అడుగుజాడలున్నవి. ఒకప్పుడు మెత్తని అడుసులో పడి, ఆ యడుసు రాయి కాగా, సుమారు 11 కోట్ల సంవత్సరములుగా నిలిచినవి. మూడు వ్రేళ్ల జాడలు మాంసము తిను రాక్షసబల్లులవి. తొట్లవలె వెడల్పుగా, లోతుగా నున్నవి పొడుగు మెడల శాకాహారులవి. వీనిని గూర్చి తగవు లేదు. తగవంతయు వీనినడుమ నున్న మఱికొన్ని నిడుపాటి జాడలను గూర్చియే. మడమతో సహా అవి మనిషి పాదమును పోలియున్నవి. కాని మన పాదములకంటె చాల పెద్దవి.

రాక్షసబల్లులు నశించి 6 కోట్ల 60 లక్షల సంవత్సరములైనదనియు, మన మనుష్యజాతి పుట్టి సుమారు 3 లక్షల సంవత్సరములే యైనదనియు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ పలకమీద ఒక్క మనిషి యడుగు నిజముగా పడియున్నచో ఈ లెక్క తలక్రిందులు కావలసినదే. సృష్టి జరిగి కొన్నివేల యేండ్లే యైనదని బైబిలును బట్టి నమ్ము క్రైస్తవులు కొందఱు ఆ జాడలయందు తమ విశ్వాసమునకు సాక్ష్యమును చూచిరి. ఒకరికి శాస్త్రము, మఱియొకరికి మతము. ఇరువురకును ప్రాణప్రదమైన విషయమే.

ఈ కథలో మొదట వచ్చునది బీదతనము. 1930 తరువాత అమెరికాను ఆర్థికమాంద్యము పీడించిన దినములలో గ్లెన్ రోజ్ వాసులు కొందఱు నదిలోని జాడలను రాతితో పెల్లగించి యాత్రికులకు అమ్ముకొనిరి. కొందఱు ఉలి పట్టి క్రొత్త జాడలను చెక్కిరి. రాక్షసబల్లి యడుగుకంటె రాక్షసమానవుని యడుగు వింత గదా! ఆకలిగొన్నవారిని నిందించుటకు మాకు మనసొప్పదు. కాని వారు చెక్కిన రాళ్లు వారి తరువాతి తరమువారిని గూడ త్రిప్పలు పెట్టినవి.

న్యూయార్కులోని ప్రకృతిచరిత్ర ప్రదర్శనశాలకు చెందిన రోలండ్ బర్డ్ 1938లో న్యూమెక్సికో రాష్ట్రమున ఒక యంగడిలో అట్టి పాదములను చూచెను. అవి చెక్కుడు పనియని ఆయన కప్పుడే అనుమానము కలిగెను. అయినను వాని పుట్టినింటిని వెదకుచు గ్లెన్ రోజ్ చేరెను. అచ్చట నదిలో మహాకాయమైన శాకాహారి బల్లి నడచిన బాట ఆయన కంటబడినది. 1940లో కూలివాండ్రచే దానిని ముక్కలుగా త్రవ్వించి తీసెను. అందొక భాగము నేటికిని న్యూయార్కు ప్రదర్శనశాలలో ఒక మహాకంకాళము వెనుక అమర్చబడియున్నది. నకిలీ సరకు నిజమైన నిధికి దారిచూపుట యన్న నిదియే.

చెక్కిన పాదమును గుర్తించుట యెట్లు? ఇందులో మన యాడువారికి కొంత యనుభవము కలదు. కృష్ణాష్టమినాడు వాకిలి మొదలు దేవునిగది వఱకు బాలకృష్ణుని పాదములు వేయుదుము. పిండిలో ముంచిన పిడికిలిని నేలకద్ది, పైన అయిదు వ్రేళ్లకు అయిదు చుక్కలు పెట్టుదుము. ప్రతి పాదమును ముద్దుగా, ఒక్క తీరున నుండును. అదే యింట పసివాడు తడికాళ్లతో పరుగెత్తిన జాడలను చూడుడు. ఒకచోట మడమ యుండదు, ఒకచోట మూడు వ్రేళ్లే పడును, ఒకచోట కాలు జారి గీతయే మిగులును. పలక్సీలో అమ్మిన పాదములు మొదటి రకమువి.

పరీక్షించుటకు వేఱొక యుపాయము కూడ కలదు. అడుసులో కాలు మోపినప్పుడు పైపొరయే గాక దాని క్రింది పొరలును అణగి వంగును. రాతిని నిలువున కోసిన ఆ వంపు కనబడును. ఉలి తాకినచోట పొరలు తెగియుండును గాని వంగియుండవు.

ఇంతటితో తగవు తీరలేదు. ఎవరును చెక్కని నిడుపు జాడలు నదిలోనే వరుసలు వరుసలుగా నున్నవి. 1961లో విట్‌కూంబ్, మోరిస్ అను నిరువురు వ్రాసిన గ్రంథమువలన వీని పేరు దేశమంతట ప్రాకెను. పిమ్మట వీనిపై ఒక చలనచిత్రమును తీసి ప్రార్థనామందిరములలో చూపిరి.

1980లో గ్లెన్ క్యూబన్ అను నాతడు ఆ జాడలను పరిశీలింప మొదలిడెను. ఆయన వృత్తిచే శాస్త్రజ్ఞుడు కాడు, ఓర్పు గలవాడు. ఆయన చెప్పినది వినుటకు ముందు మీ యింటి పిల్లిని జ్ఞప్తికి తెచ్చుకొనుడు. నడచునప్పుడు అది వ్రేళ్లమీదనే నడచును, మడమ పైకి లేచియుండును. కూర్చున్నప్పుడు మాత్రము వెనుకకాళ్ల మడమలు నేలకానును. రాక్షసబల్లులును సామాన్యముగా వ్రేళ్లమీద నడచునవే. పలక్సీయొడ్డున కొన్ని మాత్రము మడమ మోపి నడచినవి, అందుచేత జాడ నిడుపైనది. తరువాత వ్రేళ్లు పడిన గుంటలలో వేఱు ఒండ్రు నిండి గట్టిపడినది. మిగిలినది పెద్ద మనిషి పాదమువలె తోచినది.

దీనికి నిదర్శనమేమి? రంగు. 1984లో క్యూబనును, రాన్ హేస్టింగ్స్ అను నాతడును శ్రద్ధగా చూడగా ఆ ‘మనుష్యపాదముల’ ముందు వేఱు రంగు రాతితో మూడు వ్రేళ్ల ఆకారము తేటగా కనబడెను. పాతగోడలోని కన్నమును క్రొత్త సున్నముతో పూడ్చిన మచ్చ తెలియునట్లే యిదియును. మఱుసటియేడు క్యూబన్ ఆ జాడలను నమ్మినవారినే పిలిచి చూపెను. చూచి వారేమి చేసిరి? చలనచిత్రమును ప్రదర్శననుండి ఉపసంహరించిరి. 1986లో సృష్టివాదుల ప్రధానసంస్థకు చెందిన జాన్ మోరిస్, ఇకమీద ఈ జాడలను సాక్ష్యముగా వాడుట తగదని వ్రాసెను. ఆయన 1961నాటి గ్రంథకర్తలలో నొకరి కుమారుడు. తండ్రి పేరుతో ముడిపడిన వాదమును విడుచుట సులభమా? వారి మతముతో మాకు పొత్తు లేకున్నను ఆ నిజాయితీకి చేయెత్తి మ్రొక్కవలెననిపించినది. తక్కినవారు కొందఱు నేటికిని పట్టు విడువలేదు.

అట్లని సందేహించువారిదే ఎల్లప్పుడును పైచేయి యనుకొనరాదు. ఆఫ్రికాలో టాంజానియా దేశమందలి లేటోలి యనుచోట 36 లక్షల యేండ్లనాటి అగ్నిపర్వతపు బూడిదలో రెండు కాళ్లపై నడచిన జాడలు కలవు. మేరీ లీకీ యను విదుషీమణి బృందము 1976లో అచ్చట అయిదు వింత యడుగులను కనుగొనగా, అవి ఎలుగుబంటివి కావచ్చునని తరువాత కొందఱు త్రోసివేసిరి. 2021లో మెక్‌నట్ అను శాస్త్రజ్ఞురాలును ఆమె తోడివారును ఆ సందేహమును పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. వారు ఎలుగుపిల్లలకు తీపి ఆశచూపి వెనుకకాళ్లమీద నడిపించి జాడలు తీసి పోల్చిరి. ఎలుగు జాడలతో పొత్తు కుదురలేదు. అవి మనుష్యవంశమునకు చెందిన ప్రాణివే యని తేల్చిరి.

పలక్సీ జాడలున్న చోటు ఇప్పుడొక రాష్ట్రవనముగా రక్షింపబడుచున్నది. 2022లో గొప్ప కఱవు వచ్చి నది చాలభాగమెండిపోగా, సామాన్యముగా నీటిక్రిందను, ఒండ్రుక్రిందను దాగియుండు మూడు వ్రేళ్ల జాడలు బారులు తీర్చి కనబడినవి. ఉద్యోగులును, ఇష్టముతో వచ్చినవారును చీపుళ్లు పట్టి వానిని శుభ్రపఱచిరి. అంతలో వానలు వచ్చినవి; నది వానిని మరల కప్పుకొన్నది.