మావయ్య జీపుకి కొత్త ఇంజన్: పెట్టాక వచ్చిన తంటాలు

పోయిన నెల మన గోడపత్రికలో పదో తరగతి అక్క అడ్డాకుల గురించి రాసింది. భోజనాల గంట కొట్టినా కదలకుండా చదివాం. ఈసారి సైన్సు పేజీ నన్ను రాయమన్నారు. నాకు మా మావయ్య జీపు గురించి తప్ప ఏటీ తెలీదండీ అన్నాను. అయితే అదే రాయి అన్నారు టీచర్ గారు. తప్పులుంటే పెన్సిలుతో దిద్దండి, కాగితం చింపకండి.

మాది పాడేరు వైపు కొండ మీద ఊరు. మా ఇంట్లో బడికొచ్చిన మొదటి మనిషిని నేనే. ఊరి నుంచి ఆసుపత్రికి వెళ్ళాలంటే ఒక కొండ ఎక్కి దిగాలి. మావయ్య దగ్గర పాత జీపు ఉంది. దాని ఇంజన్ అరిగిపోయింది. ఎనిమిది మంది కూర్చుంటే ఫస్టు గేరులో కూడా ఎక్కేది కాదు, సగం మంది దిగి తొయ్యాలి. రెండేళ్ళ క్రితం మా అక్కకి నొప్పులొచ్చినపుడు మూడో మలుపులో ఆగిపోయింది. బిడ్డ జీపులోనే పుట్టాడు. ఇద్దరూ బాగున్నారు గాని, మావయ్య ఆ తర్వాత చాలా రోజులు ఎవరితోటీ సరిగ్గా మాట్లాడలేదు.

ఆ ఏడు అమ్మ కాఫీ గింజల డబ్బులు, మావయ్య మిరియాల డబ్బులు కలిపి విశాఖపట్నంలో పాత సామాను కొట్లో టర్బో ఉన్న డీజిల్ ఇంజన్ కొన్నారు. టర్బో అంటే, బయటికి పోయే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతాది. ఆ చక్రం ఇంకో చక్రాన్ని తిప్పి ఇంజన్లోకి గాలిని ఎక్కువగా తోస్తాది. గాలి ఎక్కువైతే డీజిల్ ఎక్కువ మండించొచ్చు, బలం వస్తాది. ఒక మాట. ఇంజన్ మార్చాలంటే రవాణా శాఖ అనుమతి తీసుకోవాలి, ఆర్‌సీలో కొత్త ఇంజన్ నంబరు ఎక్కించాలి. 1988 మోటారు వాహనాల చట్టం అలగే చెప్తాది. ఆ కాగితాలన్నీ మావయ్యకి నేనే చదివి చెప్పాను. ఆయనకి సంతకం ఒక్కటే వచ్చు.

ఇంజన్ పెట్టిన రోజు కొబ్బరికాయ కొట్టి, ఇంక అయిపోయింది అనుకున్నాం. తంటాలు అక్కడ మొదలయ్యాయి.

మొదటిది, పొద్దున్న స్టార్టు అవ్వదు. అయినా రెండు నిమిషాలకి ఆగిపోతాది. డీజిల్ ఇంజన్లో మంట పెట్టే ప్లగ్గు ఉండదు. గాలిని బాగా నొక్కితే అది వేడెక్కుతాది, ఆ వేడికే డీజిల్ అంటుకుంటాది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మనీ ఇంజనీరు 1897లో ఇలాంటి ఇంజన్ని బాగా నడిపి చూపించాడు. డీజిల్‌ని పంపు గట్టిగా నొక్కి నాజిల్లోకి పంపాలి. గొట్టంలో గాలి బుడగ ఉంటే పంపు ఎంత నొక్కినా ఆ బుడగే నలుగుతాది గాని డీజిల్ ముందుకెళ్ళదు. మావయ్య రోజూ ఫిల్టరు మీదున్న స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగేదాకా గాలి తీసేవాడు. మర్నాడు మళ్ళీ అదే. కారుతుందేమో అని కింద అట్టముక్క వేసి చూశాం. ఒక్క చుక్క లేదు. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న గొట్టంలో డీజిల్‌ని పీలుస్తారు. అక్కడ బెజ్జం ఉంటే ఇంజన్ తిరిగేటప్పుడు డీజిల్ బయటికి రాదు, బయటి గాలి లోపలికి పోతాది. మేస్త్రి చిన్న తెల్ల ప్లాస్టిక్ గొట్టం మధ్యలో పెట్టాడు. అందులో బుడగలు పరుగెడుతూ కనిపించాయి. గొట్టం ముక్క ఒక్కొక్క చోటుకి మార్చి చూస్తే, ట్యాంకు దగ్గర క్లిప్పు వదులు. అయిదు నిమిషాల పనికి పదకొండు రోజులు పట్టింది!

అప్పుడే నేను నోటుపుస్తకం మొదలుపెట్టాను. ఎందుకంటే మావయ్యకి తొందర ఎక్కువ. ఒకేసారి మూడు మార్చేస్తాడు. బాగైతే దేనివల్ల బాగైందో తెలీదు, పాడైతే అసలే తెలీదు. అందుకని ఒకసారికి ఒకటే మార్చాలని పేచీ పెట్టాను. తారీకు, ఎంతమంది ఎక్కారు, ఏ మలుపులో ఏమైంది, ఏటి మార్చాం, అంతే రాసేదాన్ని. సెలవల్లో నేను రాశాను, బడికొచ్చాక మా తమ్ముడు గీతలు గీసి ఉంచాడు (వాడు రెండో తరగతి, జీపు బొమ్మ కూడా వేశాడు, దానికి ఆరు చక్రాలు).

రెండోది వేడి. మూడో మలుపు దాటేసరికి ముల్లు ఎర్ర గీతలోకి పోయేది. మావయ్య ఒకసారి తొందరపడి రేడియేటర్ మూత తిప్పాడు. నీళ్ళు చిమ్మి ముంజేయి కాలిపోయింది, మచ్చ ఇంకా ఉంది. మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి, నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగవు. మూత తియ్యగానే ఒత్తిడి పోయి అన్నీ ఒక్కసారి మరుగుతాయి. పైగా పాడేరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. ఇక్కడ మామూలు గిన్నెలో నీళ్ళు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. కాబట్టి ఇంజన్ చల్లారి, చెయ్యి పెట్టగలిగేదాకా ఆ మూత ముట్టుకోకండి.

రేడియేటర్ పెద్దదే పెట్టాం, మరి వేడి ఎందుకు? మేస్త్రి నా నోటుపుస్తకంలోంచే ఒక కాగితం చింపాడు (నాకు కోపం వచ్చింది). ఇంజన్ నడుస్తుండగా రేడియేటర్ ముందువైపు ఆనించాడు. ఫ్యాను గాలి పీలిస్తే కాగితం అతుక్కోవాలి. మధ్యలో అతుక్కుంది, మూలల్లో జారిపోయింది. కొత్త ఇంజన్ కొంచెం వెనక్కి కూర్చుంది. ఫ్యానుకీ రేడియేటర్‌కీ మధ్య జానెడు ఖాళీ. ఫ్యాను పక్కల గాలినే పీల్చుకుంటుంది. నూనె డబ్బా రేకు కత్తిరించి చుట్టూ గుల్లలాగ కట్టారు. ఇప్పుడు కాగితం నాలుగు మూలలా అతుక్కుంటాది.

మూడోది వణుకు. నలభై స్పీడు దగ్గర సీటు కింద డబడబా కొట్టేది. చదును రోడ్డు మీద న్యూట్రల్ చేసి వదిలితే ఇంజన్ నెమ్మదించినా వణుకు పోలేదు. అంటే తప్పు ఇంజన్‌ది కాదు, చక్రాలకి బలం తీసుకెళ్ళే షాఫ్టుది. దాని రెండు చివర్ల వంపు సమానంగా ఉండాలి. గేర్‌బాక్సు కింద రేకుముక్కలు పెట్టి లేపితే సరిపోయింది.

నాలుగోది రాయాలంటే నాకు ఇప్పటికీ భయమే. సంతరోజు కొండ దిగుతున్నాం. అమ్మ, నేను, ఇంకా అయిదుగురు ఉన్నాం. కొండ సగానికి వచ్చాక మావయ్య బ్రేకు మీద కాలు పెట్టి లేచి నిలబడినంత పని చేశాడు. పెడలు బండరాయిలాగ అయిపోయింది. గేరు రెండులోకి దింపి, చేతి బ్రేకు లాగి, గట్టువైపు తిప్పి ఆపాడు. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అమ్మ సంతకి నడిచే వెళ్ళింది, జీపు ఎక్కనంది.

కాలి బలానికి తోడుగా బ్రేకు దగ్గర ఒక గుండ్రటి డబ్బా ఉంటాది. ఇంజన్ పక్కనున్న చిన్న పంపు అందులో గాలిని పీలుస్తాది, ఆ పీల్పే బ్రేకు నొక్కడానికి సాయం. దాన్ని పరీక్ష చెయ్యొచ్చు. ఇంజన్ ఆపి పెడలు అయిదారుసార్లు తొక్కితే గట్టిపడతాది. కాలు తియ్యకుండా స్టార్టు చేస్తే పెడలు కొంచెం కిందికి జారాలి. మాది ఇంటి దగ్గర ప్రతిసారీ జారింది! అందుకే మేస్త్రికి దొరకలేదు. నోటుపుస్తకం చూస్తే, గట్టిపడిన మూడుసార్లూ కొండ ఎక్కి వచ్చాకే. అంటే వేడిలో. ఈసారి కొండ ఎక్కి పైన చదునులో ఆపి, ఇంజన్ నడుస్తుండగానే బానెట్ ఎత్తి చూశాం. పీల్చే గొట్టం మధ్యలో అతుక్కుపోయి ఉంది. అది నీళ్ళకి వాడే మెత్తని గొట్టం. ఐసు తాగేటప్పుడు మెత్తని ప్లాస్టిక్ కవరు పీలిస్తే రెండు వైపులా అంటుకుంటాది కదా, అలగే. చల్లగా ఉంటే నిలబడుతుంది, వేడికి మెత్తబడి మూసుకుపోతుంది. లోపల తాళ్ళ పొర ఉన్న దళసరి గొట్టం వేస్తే తంటా పోయింది.

గొట్టం మార్చాక మావయ్య ఇంక స్పీడుగా పోవచ్చు అన్నాడు. నేను మన భౌతికశాస్త్రం పుస్తకం తీశాను. స్పీడు రెట్టింపైతే గతిశక్తి నాలుగు రెట్లు. ఇరవైలో ఆపే బ్రేకు నలభైలో నాలుగు రెట్లు వేడిని భరించాలి. ఇంజన్ కొత్తది గాని బ్రేకు డ్రమ్ములు పాతవే. "ఏటే కోడలా, పుస్తకంలో మన జీపు ఉందా?" అని నవ్వాడు. తర్వాత దిగేటప్పుడు రెండో గేరులోనే దిగాడు. బ్రేకు లైనింగులు కూడా మార్చాడు.

అక్కకి మళ్ళీ నెలలు నిండుతున్నాయి, సంక్రాంతికి అన్నారు నర్సమ్మ. నెల ముందే ఆసుపత్రి దగ్గర బంధువుల ఇంట్లో ఉంచుతామని అమ్మ అంటోంది. అక్క మాత్రం మూడో మలుపులో జీపు ఆగకుండా ఎక్కితే చాలు అంటోంది. పోయిన ఆదివారం మావయ్య ఫోన్లో చెప్పాడు, ఎనిమిది మందితో సెకండు గేరులో ఎక్కిందట, ముల్లు సగం దాటలేదట. కానీ ఎడమవైపు తిరిగేటప్పుడు కింద నుంచి కిర్రుమని చప్పుడు వస్తోందట. నేను వచ్చేదాకా ఏదీ మార్చొద్దని, ఏ మలుపులో వస్తోందో తమ్ముడి చేత గీత గీయించమని చెప్పాను.

— తొమ్మిదో తరగతి, బి సెక్షన్