గదిలో మొలచిన యడవి

అడవి కథ వినగోరని బాలుడు లేడు. దండకారణ్యము మొదలుకొని కాశీమజిలీ కథలలోని కీకారణ్యముల వఱకు మన పెద్దలు చెప్పిన కథలు పెక్కు అడవులలోనే జరుగుచుండును. కాని యా యడవులను చూడవలెనన్న రాకుమారుడు కోట విడిచి బయలుదేరవలెను. బాలుని పడకగదిలోనే అడవి మొలచిన కథ యొకటి 1963వ సంవత్సరమున అమెరికా దేశమున వెలువడినది. దాని పేరు 'వేర్ ది వైల్డ్ థింగ్స్ ఆర్', అనగా 'అడవిజీవములున్న తావు'. కథ వ్రాసినవారును, బొమ్మలు వేసినవారును మారిస్ సెండాక్ అనువారే. వీరు 1928లో న్యూయార్కు నగరమందలి బ్రూక్లిన్‌లో జన్మించి 2012లో మరణించిరి. నాలుగువందల మాటలైనను లేని యీ చిన్న పుస్తకము పిల్లలకు తగునా, తగదా యని పెద్దలు తర్కించిరి. ఆ ప్రశ్నకు సమాధానము బొమ్మలలోనే కలదని మా యభిప్రాయము. ఎట్లో వివరించెదము.

ముందుగా కథ. మాక్స్ అను బాలుడు తోడేలు వేషము ధరించి యిల్లంతయు అల్లరి చేయును. తల్లి కోపించి మందలింపగా, ఆమెనే తినివేయుదునని యెదురాడును. తల్లి రాత్రి భోజనము పెట్టక గదిలోనికి పంపివేయును. ఆ రాత్రియే గదిలో చెట్లు మొలచును. గోడలు మాయమగును. సముద్రము ఎదుటికి వచ్చును. మాక్స్ పడవనెక్కి బహుకాలము ప్రయాణము చేసి, కోరలును, వాడి గోళ్లును, పచ్చని కన్నులును గల వింతజంతువులున్న తావు చేరును. ఱెప్పపాటు లేక వాని కన్నులలోనికి చూచి, వానిని లోబఱచుకొని రాజగును. ఆటలన్నియు ముగిసిన పిదప, తల్లి తనకు చేసినట్లే, వానిని భోజనము లేకుండ నిద్రకు పంపును. అంతట ఒంటరితనము తోచి, తన్ను ప్రేమించువారిని తలచుకొని, రాజ్యము విడిచి యిల్లు చేరును. గదిలో భోజనము సిద్ధముగా నుండును, ఇంకను చల్లాఱలేదు.

ఇక బొమ్మల విషయము. మొదటి బొమ్మ పుట నడుమ చిన్నదిగా నుండును; చుట్టును తెల్లని కాగితము విశాలముగా విడువబడినది. పుటలు త్రిప్పినకొలది బొమ్మ పెరుగును. మంచపుకోళ్లు మ్రానులగును, ఆకులు పైకప్పును కమ్ముకొనును, తుదకు అడవి పుటనంతయు నాక్రమించును. పిమ్మట బొమ్మ ఎదుటి పుటలోనికి ప్రాకును. జంతువుల కోలాహలము వచ్చునప్పటికి రెండు పుటలును నిండి, మాటలకు చోటే మిగులదు. అట్టి జంటపుటలు వరుసగా మూడు గలవు. ఆ మీదట మాటలు మరల వచ్చును, బొమ్మ తగ్గును. చిట్టచివరి పుటలో బొమ్మ లేదు. కొలది మాటలు మాత్రమే కలవు.

ఇది యలంకారమునకై చేసిన పని కాదు. కోపము వచ్చిన పిల్లవానికి మొదట మాటలుండును; కోపము పెరిగినకొలది మాటలు తగ్గును; చల్లాఱిన పిదప మరల మాటలు వచ్చును. ఈ సంగతి చదువనేరని శిశువునకు సయితము కంటికి తెలియునట్లు పుటలు కూర్చబడినవి.

ఆ జంతువుల పుట్టుకయు వినదగినదే. సెండాక్ మొదట అడవిగుఱ్ఱముల కథ వ్రాయదలచిరి గాని, గుఱ్ఱములను గీయుట వారికి చేతగాలేదు. అందుచే వింతజంతువులను తలపెట్టి, బాల్యమున తమ యింటికి వచ్చి బుగ్గలు గిల్లి ముద్దుచేసిన బంధువుల ముఖములను జ్ఞప్తికి దెచ్చుకొని వానిని చిత్రించిరి. చేతగానితనము నొప్పుకొనుట వలన మంచి పని యెట్లు కలుగునో విద్యార్థులు గమనింతురు గాక.

పుస్తకము వెలువడినపుడు, ఇది పిల్లలను జడిపించునని పలువురు శంకించిరి. 1964లో బొమ్మలకుగాను కాల్డెకాట్ పతకము లభించినను ఆ శంక తీఱలేదు. 1969లో బ్రూనో బెటెల్‌హైమ్ అను మనశ్శాస్త్రవేత్త, తల్లి అన్నము పెట్టకపోవుట శిశువునకు మిక్కిలి భయంకరమని యొక పత్రికలో విమర్శించిరి. అయితే వారు పుస్తకమును స్వయముగా చదువక, తల్లులు చెప్పినది విని యట్లు వ్రాసిరి. పుస్తకము చూడకయే తీర్పు చెప్పుట పండితులకును పొరపాటేయని దీనివలన తెలియుచున్నది.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి. మన యిండ్లలో అన్నము తినని పిల్లలను బూచి వచ్చుననియు, ఎత్తుకొనిపోవుననియు జడిపించుట కలదు. ఆ బూచి కంటికి కనబడదు. కావున పిల్లవాడు దానిని గెలువలేడు. ఈ పుస్తకమందలి బూచి కంటికి కనబడును. మాక్స్ దానిని చూచును, లోబఱచుకొనును, విడిచి వచ్చును. చూచుచున్న శిశువును వానితోపాటు అట్లే చేయును. భయము లేదని బొంకుట కంటె, భయమునకొక హద్దు కలదని చూపుట మేలని మేము తలంచెదము. ఇట్టి పుస్తకమును పిల్లల చేతికిచ్చి తొలగిపోక, ప్రక్కనే కూర్చుండి చదువవలెను. మాటలు లేని పుటలు వచ్చినపుడు పెద్దలు మౌనము వహించి, పిల్లలనే మాటాడనీయవలెను.

కడపట నొక విశేషము. ఈ పుస్తకమందలి యే బొమ్మలోను తల్లి కనబడదు. అయినను మాక్స్ అడవిలో నుండగా నెవరో వాని గదిలోనికి వచ్చి భోజనముంచి వెళ్లిరి. అది వేడిగా నున్నది గనుక వచ్చి యెంతోసేపు కాలేదు. కోపించిన తల్లియే వచ్చినదని పుస్తకము చెప్పదు, చెప్పనక్కఱయు లేదు. చిన్నపిల్లలు దానిని తామే గ్రహింతురు.